పారోస్ అరలో పెట్టిన బ్యాగు

పాలగిన్నె అడుగున అంటుకున్న మీగడను మనోజ్ఞ గోటితో గీకుతోంది. మంగళవారం సాయంత్రం ఆరు. వంటింటి కిటికీలోంచి చూస్తే వెనక కాస్త గడ్డి, చెక్క కంచె, కంచె మీదుగా మూడు నిమిషాలకొకటి చొప్పున హీత్రూలో దిగడానికి వెళ్ళే విమానాలు. ఒక్కోటి వెళ్ళినప్పుడల్లా అలమరలో స్టీలు గ్లాసులు చిన్నగా వణుకుతాయి. లండన్ శివారు హేస్‌లో ఆ వణుకు ఎవరికీ పట్టదు.

"ఉప్పు డబ్బా ఇలా పెట్టమ్మాయ్," అంది పొయ్యి దగ్గర్నుంచి సావిత్రమ్మ.

మనోజ్ఞ తడిచేత్తోనే డబ్బా తీసి ఆమె చేతికివ్వబోయింది. సావిత్రమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"చేతికిస్తావేంటే! ఇద్దరం పోట్లాడుకుని నువ్వు ఇల్లు మారిపోతే నేనెవరితో మాట్లాడను? గట్టు మీద పెట్టు."

సావిత్రమ్మది తెనాలి. భర్త ముప్పయ్యేళ్ళు ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేసి, రిటైరైన ఏడాదే పోయాడు. పిల్లల్లేరు. రెండేళ్ళ కిందట, 2001లో, మేడ మీద గది మనోజ్ఞకు అద్దెకిచ్చింది. ఆమెకు తెలిసినంతవరకు మనోజ్ఞ పార్సిళ్ళ వేర్‌హౌస్‌లో క్లర్కు. అది అబద్ధం కాదు. కాకపోతే ఆ ఉద్యోగం వెనక ఇంకో ఉద్యోగం ఉంది. ఆ రెండో ఆఫీసుకు బోర్డు లేదు, లెటర్‌హెడ్ లేదు. అక్కడ పనిచేసేవాళ్ళు దాన్ని 'ఆఫీసు' అనే అంటారు.

ఫోన్ మోగింది.

"డ్యూటీ రోటా మారింది," అంది అవతలి గొంతు. "గురువారం, ఎర్లీ షిఫ్ట్."

"సరే," అంది మనోజ్ఞ. పెట్టేసింది.

"మళ్ళీ ట్రైనింగేనా? ఈసారి ఎక్కడే?"

"కోవెంట్రీ, ఆంటీ. నాలుగు రోజులు."

"నాలుగు రోజులు ఆ శాండ్‌విచ్‌లు తిని ఎలా ఉంటావ్?" సావిత్రమ్మ అప్పటికే పాత కాఫీ సీసా కడిగి తుడుస్తోంది. అందులో గోంగూర పచ్చడి కూరి, పైన నూనె పోసి, మూతకు కవరు చుట్టి దారం కట్టింది. తర్వాత తెల్లకాగితం ముక్క అంటించి, కళ్ళజోడు సర్దుకుని, పెద్ద అక్షరాలతో రాసింది: గోంగూర. మనోజ్ఞకు. హేస్.

"ఇదెందుకాంటీ?"

"ఆఫీసు ఫ్రిజ్‌లో పెడితే ఎత్తుకుపోతారట కదా, నువ్వే చెప్పావు."

"తెలుగులో రాస్తే వాళ్ళకేం తెలుస్తుంది?"

"నీకు తెలుస్తుందిగా," అంది సావిత్రమ్మ.

*

మర్నాడు పొద్దున్నే, డబ్బులేసి బట్టలుతుక్కునే లాండ్రెట్‌లో బ్రీఫింగ్. అచ్యుత్ ఎవరివో దుప్పట్లు మడతపెడుతున్నాడు. బట్టతల, పాత స్వెటర్. ఆఫీసులో అతని కింద పదకొండు మంది ఏజెంట్లున్నారని చూసి ఎవరూ అనుకోరు.

"ఆ కొస పట్టుకో," అన్నాడు. మనోజ్ఞ దుప్పటి రెండో కొస పట్టుకుంది.

"పద్నాలుగు పేర్లు. పరాయి ప్రభుత్వాల లోపల్నుంచి మనకు కబుర్లు పంపేవాళ్ళవి. డ్రైవర్లు, టైపిస్టులు, ఒక పళ్ళ డాక్టరు. అవన్నీ ఒక మెమరీ స్టిక్‌లోకెక్కాయి. అమ్మింది మనవాళ్ళే ఎవరో. కొంటున్నది లంగరు."

లంగరు అనేది ఆ ముఠాకు ఆఫీసు పెట్టిన పేరు. ఏ దేశం ఎక్కువిస్తే ఆ దేశానికి రహస్యాలు అమ్ముకునే ముఠా.

"రేపు పొద్దున ఏథెన్స్ రేవు పిరయస్ నుంచి ఫెర్రీలో నాక్సోస్ ద్వీపానికి పోతుంది. అక్కడ లంగరు వాళ్ళ సొంత ఓడ, యాట్, కాచుకుని ఉంది. సరుకు చేతులు మారిందా, వారం తిరిగేసరికి ఆ పద్నాలుగు మందిలో ఒక్కరూ మిగలరు."

"తీసుకెళ్ళేదెవరు సార్?"

"ఆడమనిషి. అంతే తెలుసు. నాక్సోస్‌లో మనవాళ్ళు నలుగురుంటారు. నువ్వు మనిషిని చూపించు చాలు." దుప్పటి మడత మధ్యలో ఒక వస్తువు పెట్టాడు. "కెమెరా. లిప్‌స్టిక్‌లా ఉంటుంది."

"నేను లిప్‌స్టిక్ వేసుకోను సార్."

"అయితే ఎవరూ అడిగి తీసుకోరు."

మనోజ్ఞ నవ్వలేదు. "నన్నే ఎందుకు పంపుతున్నారు?"

"రెండేళ్ళుగా ఆ వేర్‌హౌస్‌లో ఉన్నావు. నీ పేరు ఎంతమందికి తెలుసు?"

ఆమె లెక్కేసుకుంది. "ఇద్దరికి."

"అందుకు," అన్నాడు అచ్యుత్.

*

గురువారం ఉదయం ఏడున్నర. పిరయస్ రేవులో ఫెర్రీ వెనక తలుపు నోరు తెరుచుకుని ఉంది. ర్యాంపులా కిందికి వాలిన ఆ తలుపు మీద నుంచే లారీలు, కార్లు, మోటారుసైకిళ్ళు, వాటి మధ్య నుంచి మనుషులు లోపలికి పోతున్నారు. మనోజ్ఞ ఈసారి లీసెస్టర్ నుంచి వచ్చిన స్కూల్ టీచరు. గుడ్డ టోపీ, గైడ్‌బుక్, బూడిదరంగు చక్రాల బ్యాగు. ఎవరూ రెండోసారి చూడని వేషం. దానికోసం ఆమె పెద్దగా కష్టపడింది లేదు.

లోపల కార్ల డెక్ గోడ పొడవునా ఇనప అరలు. ఒక్కో అర మీద ఒక్కో ద్వీపం పేరు రాసి ఉంది. ముందు దిగే వాళ్ళకు పారోస్, తర్వాత నాక్సోస్, చివర సాంటోరిని. ఎవరి సామాను వాళ్ళు తమ ద్వీపం అరలో పడేసి మెట్లెక్కి పోవడమే. కాపలా లేదు, చీటీ లేదు. మనోజ్ఞ తన బ్యాగును నాక్సోస్ అరలో పెట్టింది.

అప్పుడే ర్యాంపు మీద ఒకామె నడిచి వచ్చింది. తెల్లటి నార బట్టల సూటు, ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు. నలభై ఏళ్ళుంటాయేమో. లారీలకు ఈలలు వేస్తున్న నావికుడు ఈల వేయడం మరిచిపోయాడు. ఆమె చేతిలోనూ బూడిదరంగు చక్రాల బ్యాగే. ఇంతలో జనం తోసుకుని మధ్యలోకి వచ్చారు. మళ్ళీ కనిపించేసరికి ఆమె మెట్లెక్కుతోంది, భుజాన హ్యాండ్‌బ్యాగు తప్ప చేతులు ఖాళీ.

ఓడ కదిలింది. ఏథెన్స్ తెల్లటి ఇళ్ళ గుట్టలా వెనక్కి జరిగి, పొగమంచులో కలిసిపోయింది. డెక్ మీద ఎటు చూసినా జంటలు, కుటుంబాలు. పేక ఆడుతున్న వాళ్ళు, ఒకరి ఒళ్ళో ఒకరు తల పెట్టుకుని నిద్రపోతున్నవాళ్ళు. ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళ కోసం మనోజ్ఞ మూడు గంటలు ఓడంతా తిరిగింది. ముగ్గురు దొరికారు. ఒకామె సన్యాసిని, సముద్రం పడక వాంతులు చేసుకుంటోంది. ఇంకొకామె ఎనభై ఏళ్ళ ముసలావిడ, కింద అరలో వదిలిన కోళ్ళ బుట్ట మీదే బెంగతో. మూడోది ఎర్ర స్కార్ఫ్.

క్యాంటీన్‌లో మనోజ్ఞ ఉడికించిన గుడ్డు పళ్ళెంతో వెళ్ళి ఆమె ఎదుట కూర్చుంది.

"ఇసబెల్," అని చెప్పుకుందామె. లిస్బన్ నుంచట. ఆ ఇంగ్లీషుకు పోర్చుగీసు యాస నిండుగా ఉంది. "నాక్సోస్‌లో ఎండలో పడుకుంటాను. మీరు?"

"నేనూ నాక్సోసే. ఉప్పు కాస్త ఇస్తారా?" మనోజ్ఞ అరచెయ్యి చాపింది.

ఇసబెల్ ఉప్పుసీసా తీసింది. చెయ్యి సగం దూరం వచ్చింది. ఆగింది. సీసాను మనోజ్ఞ అరచేతికి అంగుళం పక్కన బల్ల మీద పెట్టింది.

మనోజ్ఞ గుడ్డు మీద ఉప్పు చల్లుకుంది. "మిరియాల పొడి కూడా," అని మళ్ళీ చెయ్యి చాపింది. ఈసారి సీసా నేరుగా అరచేతిలో పడింది.

పాస్‌పోర్టు మార్చుకోవచ్చు, జుట్టు మార్చుకోవచ్చు, యాస అద్దెకు తెచ్చుకోవచ్చు. చిన్నప్పుడు వంటింట్లో అమ్మ కసిరితే నేర్చుకున్నది మాత్రం చెయ్యి మరిచిపోదు.

"మీకు సామాను లేదా?" అని మామూలుగా అడిగింది.

"ఈ హ్యాండ్‌బ్యాగే. బరువులు మోయడం నాకు చేతకాదు."

స్పీకర్‌లో ప్రకటన వచ్చింది. పది నిమిషాల్లో పారోస్. ఇసబెల్ వాచీ చూసుకుని, కుర్చీలో వెనక్కి వాలింది. పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లలా తేలికపడింది. నాక్సోస్ ఇంకా గంట దూరముంది. ఇప్పుడే ఎందుకంత తేలిక?

మనోజ్ఞ లేచింది. "టాయిలెట్," అంది.

మెట్లు రెండేసి చొప్పున దిగింది. కార్ల డెక్‌లో పొగ, డీజిల్ వాసన, పారోస్‌లో దిగే జనం. నాక్సోస్ అరలో తన బ్యాగు ఉంది, ఇసబెల్‌ది లేదు. పారోస్ అరలో బూడిదరంగు బ్యాగులు నాలుగు. నాలుగో దాని పిడికి గుడ్డపీలిక కట్టి ఉంది. ముదురు ఎరుపు మీద వెలిసిన జరీ. పాత ధర్మవరం చీర అంచు.

విమానాశ్రయంలో పెట్టె గుర్తుపట్టడానికి మన తెలుగువాళ్ళు కట్టే గుర్తే. లంగరు వాళ్ళు ఏదో ఒక గుర్తు కట్టమని ఉంటారు. ఇసబెల్‌కు ఇదే తోచింది.

ఎత్తు మొత్తం అర్థమైంది. ఆఫీసు నాక్సోస్‌లో ఆమె కోసం కాచుకుని ఉంటుంది. ఆమె అక్కడే దిగుతుంది, వట్టి చేతులతో. బ్యాగు మాత్రం పారోస్‌లో ఇంకొకడి చేతిలో దిగిపోతుంది.

గొలుసులు కరకరలాడాయి. ర్యాంపు కిందికి దిగుతోంది. కత్తిలా ఎండ లోపలికి వచ్చింది.

బ్యాగు తీసుకుని దాక్కుంటే? గుర్తు కనబడకపోతే వాడు ఒక్క ఫోన్ చేస్తాడు, నాక్సోస్ చేరేలోపు అంతా అప్రమత్తం. వాడికి ఏదో ఒక బ్యాగు దొరకాలి. మనోజ్ఞ పీలిక ముడి పళ్ళతో లాగి విప్పింది. తన బ్యాగును పారోస్ అరలోకి ఈడ్చి, దాని పిడికి కట్టింది. ఇసబెల్ బ్యాగును నాక్సోస్ అరలో, కోళ్ళ బుట్ట వెనక్కి తోసింది.

అప్పుడు గుర్తొచ్చింది, తన బ్యాగులో ఏముందో. సీసా. సీసా మీద కాగితం. పెద్ద అక్షరాలు.

జిప్పు మీద చెయ్యి వేసింది. ర్యాంపు రేవుకు తగిలి ఓడంతా అదిరింది. ఎక్కే జనంలో ముందుగా నీలం చొక్కావాడొకడు, అర వైపే చూస్తూ వస్తున్నాడు. పది అడుగులు.

మనోజ్ఞ జిప్పు వదిలేసి స్తంభం వెనక్కి జరిగింది. నీలం చొక్కా పీలిక చూశాడు, బ్యాగు లాగాడు, వచ్చిన దారినే ఎండలోకి వెళ్ళిపోయాడు. ర్యాంపు లేచింది.

*

పై డెక్ మీద గాలి ఎక్కువైంది. ఇసబెల్ ఒక్కతే రెయిలింగ్ దగ్గరుంది. మనోజ్ఞ వెళ్ళి పక్కన నిలబడింది.

"చలిగాలి అక్కా," అంది తెలుగులో. "స్కార్ఫ్ చెవులకు చుట్టుకోండి."

ఇసబెల్ కళ్ళద్దాలు తీసింది.

"యాడ తప్పు చేస్తి?" ఆ గొంతులో పోర్చుగల్ లేదు, అనంతపురం ఉంది.

"ఉప్పు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మా అవ్వ వీపు మీద ఒక్కటిచ్చి నేర్పించింది. బ్యాగు?"

"కిందుంది. వాడు నాది తీసుకెళ్ళాడు."

"గట్టిదానివే. నా పేరు పుష్పలీల. మీ ఆఫీసే. లిస్బన్‌లో ఆరేండ్లు కూర్చోబెట్టినారు."

"ఎందుకమ్మారక్కా?"

"ఆరేండ్లలో ఒక్కరన్నా నన్ను పేరు పెట్టి పిలవలేదు. లంగరు వాళ్ళు పిలిచినారు. ఫస్ట్ రోజే, ఫుల్ నేమ్‌తో." స్కార్ఫ్ చెవులకు చుట్టుకుంది. "అంతేనా అంటే, అంతే."

"పద్నాలుగు మందికీ పేర్లున్నాయి," అంది మనోజ్ఞ.

గంటసేపు ఇద్దరూ అలాగే నిలబడ్డారు. మధ్యమధ్య పుష్పలీల ఏవేవో అడిగింది. మీ ఊళ్ళో వానలు పడినాయా, ఇంటికాడ ఎవరున్నారు, అన్నం ఎవరు వండుతారు. తెలుగు మాట వినడానికే అడుగుతోందని మనోజ్ఞకు తెలుసు. అన్నిటికీ నిజమే చెప్పింది. రెండేళ్ళలో అన్ని నిజాలు ఒక్కసారి చెప్పడం అదే మొదలు.

నాక్సోస్ రేవులో నలుగురు మనుషులు టూరిస్టు టోపీల్లో నిలబడి ఉన్నారు.

"నీ బ్యాగులో ఏముండె?" అంది పుష్పలీల మెట్ల దగ్గర ఆగి.

"గోంగూర."

"అయ్యో పాపాత్మురాలా," అందామె మనస్ఫూర్తిగా. "దాన్ని ఇచ్చేస్తివా!"

*

మరుసటి మంగళవారం పొద్దున లాండ్రెట్‌లో అచ్యుత్ దిండు గలీబులు మడతపెడుతున్నాడు.

"పద్నాలుగు మందీ క్షేమం. స్టిక్ కాల్చేశాం." ఇంకో గలీబు తీశాడు. "యాట్‌లో లంగరు వాళ్ళు నీ సీసాను రెండు రోజులు ఎక్స్‌రేలు తీశారట. ఆ కాగితం ఏదో కోడ్ అనుకున్నారు. మూడో రోజు చదవగలిగేవాడు దొరికాడు."

మనోజ్ఞ డ్రయ్యర్‌లో తిరుగుతున్న ఎవరివో సాక్సుల వైపు చూస్తోంది.

"పేరుంది, ఊరుంది. హేస్‌లో మనోజ్ఞను వెతకడానికి వాళ్ళకు వారం చాలు. సాయంత్రం ఆరున్నరకు వీధి చివర కారుంటుంది. మిల్టన్ కీన్స్‌లో ఇల్లు చూశాం. కొత్త పేరు."

"ఆంటీకి ఏం చెప్పను?"

"ఏమీ చెప్పకు. అద్దెకున్న పిల్ల చెప్పకుండా పోయిందని తిట్టుకునే మనిషి దగ్గర ఎవరికీ ఏమీ దొరకదు. అది నిజమైన తిట్టయి ఉండాలి."

మనోజ్ఞ ఇంటికి వచ్చింది. గది సర్దడానికి పది నిమిషాలు పట్టింది. రెండేళ్ళకు అంతే సామాను. ఆరున్నరకు ఐదు నిమిషాలుండగా కిందికి దిగి, సంచి గుమ్మం దగ్గర పెట్టి, వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద నూనెలో ఎండుమిరపకాయలు చిటపటమంటున్నాయి.

"ఆ కోవెంట్రీ వాళ్ళు బ్యాగుతో సహా ఎత్తుకుపోయారంటే ఏమనుకోవాలే!" సావిత్రమ్మ వెనక్కి తిరగకుండానే అంది. "ఉప్పు డబ్బా ఇలా పెట్టమ్మాయ్."

మనోజ్ఞ డబ్బా తీసింది. చేతికివ్వలేదు. గట్టు మీద, ఆమెకు అందేచోట, చప్పుడు కాకుండా పెట్టింది. పక్కనే ఇంటి తాళంచెవి పెట్టింది.

"ఈసారి రెండు సీసాలు పెడతా," అంటోంది సావిత్రమ్మ. "ఒకటి నీకు, ఒకటి దొంగలకి. దొంగల సీసా మీద ఇంగ్లీషులోనే రాస్తాలే, పాపం, చదువుకోలేక చస్తారు..."

ఇంటి మీదుగా విమానం వచ్చింది. అలమరలో గ్లాసులు వణికాయి. ఆ చప్పుడులో మనోజ్ఞ సంచి భుజాన వేసుకుని, తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగి వీధి చివరికి నడిచింది.