గడప కింది మంచు

అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. చెయ్యి నెమ్మది, తప్పులు పడతాయి. మన్నించి చదవండి.

అది 2094. దక్షిణ ధ్రువం దగ్గర పొయ్యిరాళ్ళ దీవులు మూడూ పొయ్యి రాళ్ళలాగే ఎదురెదురుగా ఉంటాయి. అక్కడ వేడికోటు తొడుక్కుంటే చలి చీమకుట్టినట్టయినా ఉండదు. కోటు లేకపోతే అరగంటలో ప్రాణం పోతుంది. అందుకే మనిషి బయట ఉండగా ఏ గుడిసెకూ గడియ పెట్టకూడదన్నది ఆ దీవుల కట్టుబాటు.

నూట తొంభై ఏళ్ళ కిందట ఆ దీవులను కనుగొన్న దొరల ఓడలో కళింగపట్నం కళాసీ నూకయ్య ఉండేవాడు. తిండి చాలక, తోటివాళ్ళు బతకాలని తనంతట తానే తుఫానులోకి నడిచిపోయాడని చరిత్రలో రాశారు. పద్మాక్షి అతని వంశంలో పిల్ల. ఆ గొంతు వినాలనే ఆమె ‘మంచుచెవి’ని తయారుచేసింది. తలుపు సందులోంచి వచ్చే వెచ్చదనానికి గడప కింద మంచు కరిగి, మళ్ళీ గడ్డకడుతుంది. ఆ గడ్డకట్టే క్షణంలో వినబడిన చప్పుడు సన్నని అలలుగా అందులో నిలిచిపోతుంది. ఆ అలల మీద లేజర్ కిరణం పారించి, యంత్రం వాటిని తిరిగి శబ్దంగా మారుస్తుంది.

నూకయ్య వాళ్ళు తలదాచుకున్న గుడిసెలోనే, గడప దగ్గర యంత్రం బిగించారు.

"సచ్చినోడి మాట కోసం ఇంత ఆరాటమా! బతికున్నోడు టీ తాగుతారా అంటే మాత్రం ఇనపడదు మీకు," అన్నాడు వంటమనిషి అప్పలకొండ, బయటికి పోతూ.

"కోటు వేసుకో బాబాయ్!" అంది పద్మాక్షి.

"గాలిమర మీద మంచు దులపడానికి కోటేటమ్మా! ఇలా ఎల్లి అలా వచ్చేత్తాను."

అతను వెళ్ళగానే గాలి రేగింది. తలుపు టపటపా కొట్టుకుంది. పెద్ద శాస్త్రవేత్త బ్రహ్మాజీ లేచి గడియ పెట్టాడు.

"బాబాయ్ బయటున్నాడు సార్!"

"ఈ చప్పుడులో యంత్రం ఏం వింటుందమ్మా? కాసేపే. రాగానే తీద్దాం."

పద్మాక్షి గడియ వంక చూసింది. తరవాత మీట నొక్కింది.

ముందు చాలాసేపు గాలి హోరు. తరవాత తలుపు మీద దబదబా గుద్దులు. "తలుపు తియ్యండి బాబూ! సచ్చిపోతన్నాను!" లోపల ఎవరో దొరలు గుసగుసలాడారు. ఎవరూ లేచిన చప్పుడు లేదు.

పద్మాక్షి బ్రహ్మాజీ వైపు తిరిగింది. "తనంతట తాను పోలేదు సార్. వీళ్ళే తియ్యలేదు. చేతికందే దూరంలో కూర్చుని విన్నారు!"

"మనుషులేనా వీళ్ళు?" అన్నాడు బ్రహ్మాజీ, కళ్ళు తుడుచుకుంటూ.

తలుపు మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి. "అమ్మా... తలుపు..." అదే యాస. పద్మాక్షి చెవులు మూసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. దెబ్బలు సన్నగిల్లాయి. ఆగిపోయాయి.

మళ్ళీ ఒకసారి విందామని ఆమె యంత్రం వైపు వంగింది. తెర చీకటిగా ఉంది. దొరల గుసగుసల దగ్గరే మంచు పొర అయిపోయి, యంత్రం ఎప్పుడో ఆగిపోయింది.

ఇద్దరూ తలుపు వంక చూశారు. కొక్కేనికి వేడికోటు వేలాడుతోంది.

బ్రహ్మాజీ గడియ లాగాడు. తలుపుకు ఆనుకుని ఉన్న అప్పలకొండ లోపలికి ఒరిగాడు. ఎత్తిన పిడికిలి ఎత్తినట్టే బిగుసుకుపోయింది.

వాళ్ళ వెనక యంత్రం తెర దానంతటదే వెలిగింది.

"గడప కింద కొత్త మంచు పొర దొరికింది. వినిపించమంటారా?"

— బెవర సత్యవతమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉంటున్నది టెక్కలిలో.