ఆరు నెలలకు మూడు రోజులు తక్కువ

"ఫిల్మ్ పోయింది. నెమలి పట్టుకుపోయింది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ రిసీవర్ చెవికి అదుముకున్నాడు. నెమలి! రెండేళ్లుగా తమతో కలిసి పనిచేసిన అందగత్తె శత్రువుల మనిషట. ఆ గోరంత ఫిల్మ్‌లో, పరాయి దేశంలో మారుపేర్లతో బతుకుతున్న పదకొండుమంది ఏజెంట్ల అసలు పేర్లున్నాయి. నాలుగో పేరు డేగ చెల్లెలిది.

"ఫ్లైట్ ఎన్నింటికి?"

"రెండున్నరకి. అది ఎగిరిందా, సాయంత్రానికి మనవాళ్లు ఒక్కరూ మిగలరు."

ఎయిర్‌పోర్టులో పోలీసులు అప్పటికే నెమలిని సోదా చేశారు. సూట్‌కేసు అడుగు చింపారు, చెప్పుల మడమలు ఊడదీశారు. ఏమీ దొరక్కపోతే క్షమాపణలు చెప్పి మరీ వదిలేశారు, మహానుభావులు!

పోర్టర్ వేషంలో ట్రాలీ తోసుకుంటూ డేగ ఆమె వెనక చేరాడు. కౌంటర్ మూయడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది.

ఆమె ఇట్టే గుర్తుపట్టింది. "పాపం, ఎంత శ్రమ!" లిప్‌స్టిక్ దిద్దుకుంటూ నవ్వింది. "మీ చెల్లెలికి ఏమైనా చెప్పమంటారా?"

చిన్నప్పుడు జ్వరమొస్తే అన్నయ్య చెయ్యి పట్టుకుంటేగాని నిద్రపోని పిల్ల అది. దాన్ని ఈ ఉద్యోగంలోకి దింపింది తనే. దేవుడా, ఒక్క దారి చూపించు!

నెమలి పాస్‌పోర్టు బయటికి తీసింది. నీలం అట్ట. అది తమ ఆఫీసు తయారీయే!

మారుపేర్ల పాస్‌పోర్టులన్నీ చేసేది పత్రాల సెక్షన్ గుమాస్తా. ఆఫీసంతటికీ ఆయన బాబాయి. ప్రయాణం రోజు నుంచి సరిగ్గా ఆరు నెలలకే గడువు వేస్తాడు, ఒక్కరోజు ఎక్కువ ఇస్తే ఒట్టు. ఏజెంట్లు తిరిగొచ్చి పుస్తకం అప్పగించాలని ఆయన చాదస్తం. దానిమీద ఆయనతో డేగ పోట్లాడని నెల లేదు.

డేగ చొక్కా గుండీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. "బాబాయ్, నెమలి ప్రయాణం ఏ రోజుకని లెక్కేశావ్?"

"మొన్న సోమవారానికి. ఏం?"

ఈరోజు గురువారం. ఫిల్మ్ కోసం మూడు రోజులు ఆగింది మహాతల్లి!

కౌంటర్‌లో అమ్మాయి వీసా చూసింది, టికెట్ చూసింది. బోర్డింగ్ పాస్ కోసం చెయ్యి మెషిన్ మీదికి పోయింది.

"అమ్మా, గడువు తేదీ చూడండి!" డేగ గొంతు చించుకుని అరిచాడు.

ఆ అమ్మాయి పేజీ తిప్పి వేళ్ల మీద లెక్కపెట్టింది. "సారీ మేడమ్. ఆ దేశం వెళ్లాలంటే పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువుండాలి. మీకు మూడు రోజులు తగ్గింది."

"మూడు రోజులేగా!"

"ఒక్కరోజు తగ్గినా ఎక్కించుకోం మేడమ్."

నెమలి మొహం పాలిపోయింది. అదే విమానానికి ఆఖరి పిలుపు వినిపించింది. పక్క కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ అందుకున్న కళ్లద్దాలాయన ఆమెను రాసుకుంటూ నడిచాడు. ఆమె చెయ్యి ఆయన కోటు జేబువైపు జారింది.

డేగ ట్రాలీ మీంచి ఎగిరి ఆ మణికట్టు పట్టేశాడు. పిడికిట్లో లిప్‌స్టిక్! ఆడవాళ్ల సరుకేగా అని పోలీసులు తెరిచైనా చూడలేదు. అడుగు తిప్పితే ఫిల్మ్ అరచేతిలో పడింది. పరుగందుకున్న కళ్లద్దాలాయన్ని పోలీసులు గేటు దగ్గర ఒడిసిపట్టుకున్నారు.

డేగ అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. పోర్టర్ ఎందుకేడుస్తున్నాడో జనానికి అర్థం కాలేదు.

"బాబాయ్, నీ కాళ్లకు దండం పెడతాను," అన్నాడు గుండీతో.

"దండాలు తర్వాత. ఆ పాస్‌పోర్టు సాయంత్రంలోగా నాకు జమ కావాలి. అట్టమీద లిప్‌స్టిక్ మరకలుంటే మాత్రం తీసుకోను."