పదిహేడో లోపం

పిల్లలూ, ఇలా దగ్గరికి జరగండి. ఫోన్లు పక్కన పెట్టండి, నా గొంతు ఎక్కువ దూరం పోదు. మీ బుల్లి అక్క కంప్యూటర్లో ఒక దారి వేసింది. ఆ దారి ఎక్కడికి తీసుకుపోయిందో చెబుతాను. నేను అక్కడే ఉండి చూశాను కాబట్టి ఇందులో కల్పించి చెప్పేది ఏమీ లేదు.

నిరుడు నేను బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాను కదా. ఆపరేషన్ అయ్యాక రోజూ పొద్దున పదింటికి ఆస్పత్రి కింది అంతస్తులో నడక గదికి వెళ్ళాల్సి వచ్చింది. గది మధ్యలో కదిలే బెల్టు, దానికి రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలు, ఎదురుగా గోడంత తెర. బెల్టు మీద మనం అడుగు వేస్తే తెరమీద దారి కదులుతుంది. కొండ, వాగు, గడ్డి, చెట్లు, అన్నీ కంప్యూటర్లో చేసినవే. ఉట్టి గోడని చూస్తూ నడవమంటే మాలాంటివాళ్ళు విసుక్కుంటారని ఆ ఏర్పాటు.

ఆ దారి చేసింది మన బుల్లి. అంతకు ముందు నాలుగేళ్ళపాటు ఎవరివో సినిమాల్లో రాళ్ళకి నాచు పూసింది, ఆకాశానికి మబ్బులు అతికించింది. దాని పేరు ఎక్కడా పడేది కాదు. మొదటినుంచి చివరిదాకా తనకే అప్పగించిన పని ఇదొక్కటే. నెలాఖరు శుక్రవారం లోపల నడక గది చూసుకునే మనిషి సరేనని సంతకం చేస్తే మిగతా గదుల పని కూడా దానికే ఇస్తారు. చెయ్యకపోతే తెర తీసేస్తారు. బుల్లి మళ్ళీ నాచు పూసుకోవడానికి పోవాలి.

ఆ సంతకం పెట్టాల్సినవాడు ఒక కుర్రాడు. మాకు నడక నేర్పే పని అతనిది. ఎవరెంత మూలిగినా "ఇంకో పదడుగులు" అనేవాడు. అందుకని మేమంతా అతనికి పదడుగులు అనే పేరు పెట్టుకున్నాం.

బుల్లి మొదటిసారి వచ్చిన రోజు బయట వాన. జడ చివర నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా గుమ్మంలోనే నిలబడి తెర చూసుకుంటోంది. అతను దాన్ని నాకు తోడు వచ్చిన మనిషి అనుకున్నాడు.

"ఎలా ఉందండీ, ఈ కొత్త తెర?" అని అడిగింది, ఏమీ తెలియనట్టు.

"చూడ్డానికి బానే ఉంటుందండీ. చేసినవాళ్ళు మాత్రం ఎప్పుడూ నేలమీద నడిచినట్టు లేరు."

"అదేంటి?"

"ఆ రాళ్ళు చూడండి. నేలలోంచి పైకి వచ్చినట్టున్నాయా? ఇందాకే లారీవాడు దింపేసి పోయినట్టున్నాయి. వాగు పక్కన మట్టేమో పొడిగా ఉంది. నీళ్ళకీ ఒడ్డుకీ మాటల్లేనట్టు."

నేను దగ్గాను. ఇంకోసారి గట్టిగా దగ్గాను.

"అమ్మమ్మగారూ, మంచినీళ్ళు కావాలా?" అన్నాడు పాపం.

"చేసింది నేనేనండీ," అంది బుల్లి. "ఇంటి దగ్గర్నుంచి నడిచే వచ్చాను కూడా. కావాలంటే నా చెప్పులు చూడండి, బురద."

అతను నిజంగానే చెప్పులు చూశాడు. తర్వాత దాని మొహం చూశాడు. ఆ తర్వాత ఎక్కడ చూడాలో తెలియక నా కాలు చూడడం మొదలుపెట్టాడు.

"సారీ అండీ."

"సారీ ఎందుకు? లిస్టు రాసివ్వండి."

ఇంకెవరైనా అయితే పర్లేదులెండి అనేవారు. ఇతను కాగితం తీసుకుని ఒకటి, రెండు అని నంబర్లు వేసి తొమ్మిది లోపాలు రాసిచ్చాడు! బుల్లి దాన్ని నాలుగు మడతలు పెట్టి, నా వంక ఉరిమి చూసి వెళ్ళిపోయింది. నేనేం చేశాను మధ్యలో?

అప్పట్నుంచి రెండు రోజులకోసారి ల్యాప్‌టాప్ బ్యాగు వేసుకుని రావడం. రాళ్ళని సగం దాకా మట్టిలోకి దించి చుట్టూ గడ్డి మొలిపించింది. వాగు ఒడ్డు తడిపింది. ఎండ ఎటు నుంచి వస్తే నీడ దానికి ఎదురు పక్కకి ఎంత సాగాలో సరిచేసింది. ఆకుల మీద కాస్త దుమ్ము కూడా చల్లింది. అతను ఒక్కోటి చూసి, ఒక్కోటి కొట్టేసి, కింద ఇంకోటి రాసేవాడు. మాటకి మాట అనుకునేవారు గానీ, ఇద్దరికీ చూపులు తెరమీద కన్నా పక్కకే ఎక్కువ పోయేవి. బెల్టు మీద ఉన్నవాళ్ళకి అన్నీ కనిపిస్తాయి.

అయితే ఎన్ని దిద్దినా ఒక చిక్కు మాత్రం తీరలేదు. ఐదు నిమిషాలు నడిచేసరికి మాలో ఒక్కొక్కరం నీరసపడి ఆగిపోయేవాళ్ళం.

"మీ దారిలోనే ఏదో ఉంది," అన్నాడతను.

"నా దారికేం? మీ బెల్టు చూసుకోండి. కిర్రుమంటోంది."

"కిర్రుమన్నా ముందుకు కదుల్తుంది."

"అంటే నాది కదలదా?"

"అబ్బ, ఆపండర్రా," అన్నాను నేను. "ఎంత నడిచినా ఉన్నచోటే ఉన్నట్టుంది నాకు. అందుకే కాళ్ళు లాగేస్తున్నాయి."

మోకాలి ఆపరేషన్ చేయించుకున్న టైలరమ్మ నా తర్వాత వంతు కోసం కూర్చుని ఉంది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

"ఎందుకుండదండీ? ఉన్నది ఒకటే చెట్టు. పువ్వుల గుడ్డలో అచ్చు మూరకోసారి తిరిగొస్తుంది చూడండి, అలాగ. కొమ్మ విరిగిన చెట్టు కుడిపక్క వచ్చింది, కాసేపటికి ఎడంపక్క వచ్చింది. మొహం అటు తిప్పుకున్నంత మాత్రాన పోల్చుకోలేమా?"

బుల్లి తెర దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"చెట్లు నాలుగే చేశాను," అంది మెల్లిగా. "వాటినే తిప్పి తిప్పి పెట్టాను. మా పనిలో అందరూ అలాగే చేస్తారు. ఎవరూ పట్టుకోరు."

అతను వెక్కిరిస్తాడనుకున్నాను. వెక్కిరించలేదు.

"వాళ్ళెవరూ దాంట్లో రోజూ నడవరు కదండీ," అన్నాడు. "నేను రోజూ ఇక్కడే ఉంటాను. నాకూ తట్టలేదు."

ఆ మాటతో యుద్ధం సగం చల్లారింది. అతను భోజనం గంట వదులుకుని, మాలాగే ఈడ్చుకుంటూ బెల్టు మీద నడిచి చూపించేవాడు. ముసలి అడుగుకి చెట్టు ఎంతసేపట్లో దాటుతుందో బుల్లి పక్కన నిలబడి రాసుకునేది. ఇరవై అడుగులకో కొత్త సంగతి పెట్టింది. ఒకచోట పడిపోయిన మాను, ఒకచోట చీమల పుట్ట, ఇంకోచోట ఎవరో కూర్చుని కూర్చుని నున్నగా చేసిన రాయి. ఏ చెట్టుకి ఆ చెట్టే. పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు నేను పన్నెండు నిమిషాలు నడిచాను. టైలరమ్మ పదమూడు నడిచి నన్ను ఓడించింది.

అప్పటికి పదహారు లోపాలు కొట్టేసి ఉన్నాయి. ఇక మిగిలింది సంతకం.

గడువు ఇంకా రెండు రోజులుందనగా, బుధవారం నాడు అతను సంతకానికి బదులు ఇంకో వరస రాసిచ్చాడు. పదిహేడు: పిట్టల గోల ఎక్కువగా ఉంది.

బుల్లి రెండుసార్లు చదివింది.

"నన్ను ఎలాగైనా ఫెయిల్ చెయ్యాలని ముందే అనుకున్నారన్నమాట," అని బ్యాగు భుజాన వేసుకుని పోయింది.

మర్నాడు నేను బెల్టు ఎక్కి కమ్మీలు పట్టుకుని అడిగాను. "ఏం నాయనా, తెరలో పిట్టలెక్కడ?"

తల ఎత్తలేదు. "లేవండీ."

"తెలిసే రాశావా?"

"తెలిసే రాశానండీ. రాయడానికి ఇంకేం లోపాలు దొరకలేదు. సంతకం చేస్తే ఆవిడ ఇక రారు కదా, అమ్మమ్మగారూ."

నవ్వొచ్చింది గానీ, నవ్వలేదు. ముందు రాత్రి అది అన్నం ముందు పెట్టుకుని కెలుకుతూ కూర్చోవడం నేను చూశాను.

"నీకది నచ్చితే నోటితో చెప్పు. నాలుగేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న పనిని పట్టుకుని ఆపుతావేం? అది రేపు ఏడుస్తూ పోయి మళ్ళీ నాచు పూసుకుంటే నీకు బాగుంటుందా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "బాగుండదండీ," అన్నాడు. "ఇంకో పదడుగులు."

"నాకు కాదు, నువ్వు వెయ్యి."

శుక్రవారం నా వంతు అయ్యాక కూడా నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. కాలు నొప్పి అని చెప్పాను. బుల్లి వచ్చింది, మొహం గంటు పెట్టుకుని.

"మొత్తం మళ్ళీ చూశాను. ఒక్క పిట్ట కూడా లేదు. మీరు ఏ తెర చూసి రాశారో మరి."

"సంతకం అయిపోయిందండీ," అన్నాడు. "పొద్దున్నే పెద్ద డాక్టరుగారికి పంపేశాను. ఇది మీ కాపీ."

"మరి పదిహేడు?"

"అది దారిలో లోపం కాదండీ, నాది. మీరు మళ్ళీ రావాలని రాశాను. మీ పనిని అడ్డం పెట్టుకోకుండా అడగాల్సింది. తప్పు చేశాను."

"ఇప్పుడు అడుగుతున్నారా?"

"లేదండీ. ఇవాళ అడిగితే సంతకానికి బదులు అడిగినట్టుంటుంది."

"రెండు రోజులు అన్నం సయించలేదు నాకు," అంది బుల్లి. కాగితం లాక్కున్నట్టు తీసుకుంది. దారంతా నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆదివారం కూడా మాట్లాడలేదు.

సోమవారం పొద్దున నేను బెల్టు మీద ఉన్నాను. తలుపు తెరుచుకుంది. బుల్లి. భుజాన బ్యాగు లేదు, చేతిలో కాగితం లేదు.

"ఏమైనా మర్చిపోయారా?" అన్నాడతను.

"లేదు."

"తెరలో ఏమైనా మార్చాలా?"

"తెర బానే ఉంది."

"మరి ఏం పని మీద..."

"పనేం లేదు," అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

అతను బెల్టు ఆపడం మర్చిపోయాడు. ఆ రోజు నేను పద్దెనిమిది నిమిషాలు నడిచాను. టైలరమ్మ గట్టిగా చప్పట్లు కొట్టింది, నాకో వాళ్ళకో నాకు తెలియలేదు. వాళ్ళ పెళ్ళి గురించి పెద్దవాళ్ళ మాటలు ఆ తర్వాత రెండు నెలలకి జరిగాయి. ఎవరూ కాదనలేదు.

ఇదీ సంగతి. గుర్తుపెట్టుకోండి, రేపు మీరూ ఎవరికో ఒకరికి చెప్పాలి. చెప్పేటప్పుడు రాళ్ళు, చెట్లు మర్చిపోయినా నేనేమీ అనుకోను. సంతకం ముందు చేశాడు, మనసులో మాట తర్వాత చెప్పాడు. ఆ వరస మాత్రం తారుమారు చెయ్యకండి, అమ్మల్లారా.