లాంగ్ టర్మ్‌కి వెళ్ళని ఏడాది

సింహాద్రిని చూడగానే గౌరీశ్వరికి ముందు పుట్టింది ఒళ్ళుమంట. విశాఖ ద్వారకానగర్ లైబ్రరీలో సరిగ్గా తిరిగే ఫ్యాను ఒక్కటే, దాని కింద కుర్చీ తనదని ఆమె నమ్మకం. బ్యాగు పెట్టి టీకి వెళ్ళి వచ్చేసరికి బ్యాగు నేల మీద, ఎవడో కుర్చీలో.

"ఇది నా సీటు," అంది.

"బ్యాగు సదువుకుంతాదేటి? సదివేవోల్లకి ఇడిసిపెట్టు," అన్నాడు తలెత్తకుండా.

నవ్వకూడదనుకుంది గానీ నవ్వేసింది. అక్కడే వచ్చింది చిక్కు.

ఇద్దరూ ఆ ఏడే మొదటిసారి నీట్ రాసి, సీటు అందక మళ్ళీ పుస్తకాలు పట్టుకున్నవాళ్ళు. గౌరిది గాజువాక, నాన్న స్టీల్ ప్లాంటులో ఉద్యోగి. సింహాద్రిది భీమిలి, తండ్రి పడవ మీద వేటకెళ్తాడు. అతనికి ఫిజిక్స్ మంచినీళ్ళ ప్రాయం, ఆమెకు బయాలజీ కంఠతా. ఒకరికి రానిది ఒకరు చెప్పుకున్నారు. మొక్కజొన్న పొత్తు దగ్గర తగువులాడుకున్నారు. వాన పడితే ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా ఒకే గొడుగులో నడిచారు. గొడుగు ఆమెది, తడిసేది అతను.

ఆగస్టులో తేల్చుకోవాల్సి వచ్చింది. ఊరి బయట రెసిడెన్షియల్ కాలేజీ ఒకటి టెస్టు పెట్టి, సింహాద్రికి లాంగ్ టర్మ్ కోచింగులో ఫ్రీ సీటు ఇచ్చింది. తిండీ హాస్టలూ వాళ్ళవే. గౌరిని కూడా చేర్పిస్తానని వాళ్ళ నాన్న ఉత్సాహపడ్డాడు. అయితే అబ్బాయిల క్యాంపస్ వేరు, అమ్మాయిల క్యాంపస్ వేరు. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. ఆదివారం తల్లిదండ్రులకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు.

గౌరికి ఆ రోజు అన్నం సయించలేదు. ఏడాది పాటు ఆ ముఖం చూడకుండా ఉండటం తన వల్ల కాదు. ఆ మాటే అతనికి చెప్పొచ్చు కదా? చెప్పలేదు. తను బయటపడ్డాక అతను నవ్వేస్తే తల ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని తెలివితేటలు ఉపయోగించింది. హాస్టల్లో పిల్లల్ని రుబ్బేస్తారనీ, మార్కులు తగ్గితే సెక్షన్ మార్చి పరువు తీస్తారనీ, ఆన్‌లైన్ క్లాసులు వింటూ లైబ్రరీలో కలిసి చదివితే ఇద్దరికీ సీటు ఖాయమనీ గంటసేపు వాదించింది.

"ఫిజిక్స్ నువ్వు చెప్పు, బయాలజీ నేను చెప్తాను. హాస్టలెందుకు మనకి?"

సింహాద్రి రోడ్డు మీద పోయే బస్సుల్ని చాలాసేపు చూశాడు.

"నువ్వెల్లకపోతే నానూ ఎల్లను," అన్నాడు.

గాజువాక చేరేదాకా బస్సులో ఆమె తనలో తను నవ్వుకుంటూనే ఉంది. పక్కసీటు పెద్దావిడ అనుమానంగా కాస్త జరిగి కూర్చుంది.

ఇంట్లో ఉండి చదవడమంటే అన్ని ఇళ్ళలోనూ ఒకటి కాదని ఆ పిల్లకు తట్టనే లేదు. గాజువాకలో ఆమె గది తలుపు వేసుకుంటే, పాలగ్లాసుతో వచ్చిన అమ్మ తలుపు తట్టడానికి కూడా జంకేది. భీమిలిలో ఇంటిపట్టున కనబడిన మగపిల్లాణ్ణి ఊరుకోనివ్వరు. పడవ మీద కూలికొచ్చే కలాసీ రాకపోతే తనే ఎక్కాలి, వల చిరిగితే కూర్చుని కుట్టాలి, తల్లి పోతమ్మ చేపల గంప మోసుకెళ్ళి ఆటో ఎక్కించాలి. హాస్టల్లో ఉన్నవాణ్ణయితే ఎవరు పిలుస్తారు?

అతను మధ్యాహ్నానికి కళ్ళెర్రగా లైబ్రరీకి వచ్చేవాడు. రాగానే ఆమెకు రాని లెక్కలు చెప్పేవాడు. బయాలజీ వంతు వచ్చేసరికి టేబుల్ మీద తల వాల్చి నిద్రపోయేవాడు. ఆ నిద్రపోయే ముఖం చూసి గౌరి మురిసిపోయేది. లేపి చదివించాలని మాత్రం అనిపించేది కాదు. ప్రేమలో అంత స్వార్థం ఉంటుందని పాపం ఎవరు చెప్తారు?

మళ్ళీ పరీక్షా అయింది, ఫలితాలూ వచ్చాయి. గౌరికి శ్రీకాకుళంలో సీటొచ్చింది. గట్టెక్కించింది ఫిజిక్సే. సింహాద్రికి పోయినేటి కన్నా మార్కులు తగ్గాయి. అవి చూసి, ఫ్రీ సీటు ఇక కుదరదంది కాలేజీ.

ఆమె భీమిలి వెళ్ళింది. అతను ఒడ్డున వల బాగుచేస్తున్నాడు.

"డాక్టరమ్మ ఇసకలో కూకోకూడదు," అని తువ్వాలు పరిచాడు. నాన్నకు నడుం పట్టేసిందనీ, ఇక పడవ తనే చూసుకుంటాననీ మామూలుగా చెప్పాడు.

గౌరి తువ్వాలు మీద కూర్చోలేదు. ఏడాదిగా దాచుకున్నది ఇక ఆగలేదు.

"నువ్వంటే నాకు ఇష్టం సింహాద్రీ. హాస్టల్ వద్దన్నది చదువు కోసం కాదు. నిన్ను చూడకుండా ఉండలేక."

అతని చేతులు వల మీద ఆగిపోయాయి. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. అతను తిట్టలేదు.

"నాకూ ఇష్టమే," అన్నాడు. "నాను ఆస్టల్లో ఉండిపోతే నువ్వు మర్సిపోతావని బయమేసి ఆగిపోనాను."

అతను మళ్ళీ వల అందుకున్నాడు.

"ఈ మాట అప్పుడే సెప్పుంటే, నిమ్మలంగా ఎల్లి సదూకుందును గౌరీ."