మొగిలమ్మకు తెరిచిన తలుపు

మగ్గాల గల్లీలో చివరి ఇల్లు ఉమాకాంత్‌ది. ముందుగదిలో మరమగ్గం, వెనక వంటిల్లు. అతని తల్లి మొగిలమ్మ ఏళ్లతరబడి ఆ మగ్గం పక్కనే కూర్చుని కండెలకు నూలు చుట్టింది. మొన్న జ్వరం ముదిరి అక్కడే కన్నుమూసింది.

పోయిన మనిషి మూడోనాటి రాత్రి ఒక్కసారి ఇంటికి వచ్చి చూసుకుని వెళ్తుందని వాళ్లింట్లో నమ్మకం. ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, అడుగులు పడితే తెలిసేలా చుట్టూ బియ్యప్పిండి పరుస్తారు. తెల్లవారేదాకా తలుపుకు గడియ పెట్టరు.

"గడపల ఆపితే ఇగ మల్ల రాదు. జర యాదుంచుకో," అంది భార్య నవత.

ఉమాకాంత్‌కు యాదుంది. కానీ ఈమధ్యే గల్లీలో దొంగలు పడ్డారు. ఎదురింటి ఎల్లస్వామి తల పగలగొట్టి బీరువా ఊడ్చుకుపోయారు. ఆ రోజు పోలీసులు ఫోను మర్యాదగానే ఎత్తారు, జీపు మాత్రం దొంగలు ఇల్లు చేరి నిద్రపోయాక వచ్చింది. ఈసారి ఉమాకాంత్ ముందే స్టేషన్‌కు వెళ్లాడు. తలుపుకు గడియ పెట్టని ఆ రాత్రికి ఒక్క మనిషిని పంపమని బతిమాలాడు.

"మంది లేరు తమ్మీ. మీ జాగ్రత్తల మీరుండున్రి," అన్నారు.

ఉన్నాడు మరి. మట్టెవాడ బజారులో గొడ్డలి కొని, సాన పట్టించి తెచ్చాడు.

"అమ్మ వచ్చేనాడు ఇంట్ల గొడ్డలేంది?" అంది నవత.

"నువ్వు ఫికర్ చెయ్యకు. ఇది దొంగలకు."

ఆ రాత్రి నవత వంటింట్లో పడుకుంది. అతను తలుపు వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దీపం చిన్నగా వెలుగుతోంది. మగ్గం నూనె వాసన. బయట కుక్కలు మొరిగి మొరిగి, ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి ఊరుకున్నాయి. తెల్లవారుజామున అతనికి కునుకు పట్టింది.

కిర్రుమంది.

తలుపు జానెడు తెరుచుకుంది... ఆగింది. బయట ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. మెట్లెక్కి అలిసిన ఊపిరి. తలనొప్పి బాం వాసన వచ్చింది. అమ్మ రోజూ కణతలకు రాసుకునే బాం. దాని వెనకే, ఆమె చీరను ఎన్నడూ వదలని నూలు వాసన...

ఉమాకాంత్ గుర్తుపట్టాడు. తర్వాత తనకు తాను ఎన్ని విధాల సర్దిచెప్పుకున్నా ఆ సంగతి మారలేదు. గుర్తుపట్టాడు. కానీ తలుపు సందులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. తడుముకుంటూ... అతని మొహం వైపు...

గొడ్డలి లేచింది. దిగింది.

కేక లేదు. "అయ్యో బిడ్డా..." అని మాత్రం వినిపించింది.

లైటు వేశాడు. ఎవరూ లేరు. గొడ్డలికి నెత్తురు లేదు. దీపం చుట్టూ పిండి చెదరలేదు. అంటే అమ్మ వచ్చింది, గడప మాత్రం దాటలేదు. సిగ్గుతో చితికిపోయాడు. నవతను లేపి చెప్పడానికి మొహం చెల్లలేదు. గొడ్డలిని మగ్గం కిందికి తోసేశాడు.

వెలుగు వస్తుండగా వాకిట్లో జీపు ఆగింది. పోలీసులు రానే వచ్చారు, ఎప్పటిలాగే అంతా అయ్యాక.

"గల్లీ మూలకు ఒక అవ్వ కూసున్నది," అన్నాడు కానిస్టేబుల్. "చెయ్యి తెగింది. ఎవలు కొట్టిన్రంటే చెప్తలేదు. మీ ఇల్లు చూపెట్టింది. మీ అమ్మనా? జీపుల ఉన్నది, చూడు."

ఉమాకాంత్ జీపు వైపు చూడలేదు. తలే ఎత్తలేదు.

"మా అమ్మ చచ్చిపోయింది సార్. ఆమె ఎవలో నాకు తెల్వది."

చచ్చిపోయిందన్నది నిజమే. అయినా ఆ మాట అన్నాక, రెండోసారి కొట్టినట్టే అనిపించింది.

కానిస్టేబుల్ అతన్ని ఎగాదిగా చూశాడు. "అట్లనే అంటడని ఆమె ముందే చెప్పింది. నిన్నేమనొద్దని గూడ చెప్పింది. సరే, దవాఖానకు తీస్కపోతం."

జీపు మలుపు తిరుగుతుంటే ఉమాకాంత్ ధైర్యం చేసి తలెత్తాడు. వెనక సీటులో ఎవరూ లేరు.

ఎవరో భుజం తాకారు. ఉలిక్కిపడ్డాడు. నవత. మొహం పాలిపోయి ఉంది. చేతిలో నీళ్ల చెంబు.

"ఒక్కనివే ఎవలతోని మాట్లాడుతానవు?" గుసగుసగా అంది. "జర లోపలికి రా... అమ్మ మగ్గం కాడ కూసోని నీళ్లడుగుతాంది. నేను పోస్తె తాగుతలేదు... నిన్నే పొయ్యుమంటాంది."