సన్నబడిన ఈల

అశోక్ నగర్‌లో నా గ్యారేజీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక హాస్టల్ కింద, మెట్ల పక్కన, షట్టరున్న చిన్న గది. పైన గ్రూప్స్‌కు చదివే పిల్లలుంటారు. వాళ్లు బట్టలు ఉతికిన నీళ్లు నా షట్టరు మీదుగానే కారతాయి. ఇల్లు చిక్కడపల్లిలో, ఈ గది ఆఫీసు నుంచి ఇంటికి పోయే దారిలో. యాభై దాటిన మనిషికి సాయంత్రం అయితే ఇంటికి పోయి కాళ్లు చాపుకోవాలని ఉంటుంది. నాకూ ఉంటుంది. కానీ ఆ వర్షాకాలమంతా రోజూ ఇక్కడే దిగిపోయి, చొక్కా విప్పి మేకుకు తగిలించి, ఒక పాత యెజ్దీ మోటార్‌సైకిల్ ముందు పీట వేసుకుని కూర్చున్నాను. నడుము నొప్పి ఒకటి, ఇంట్లో నా భార్య మాధురి సణుగుడు ఇంకొకటి.

బండి నా కోసం కాదు, మా అమ్మాయి అనూహ్య కోసం. దాని కంటికి కొత్త బండ్లు ఆనవు. ముషీరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే మొగిలయ్య దగ్గర ఈ యెజ్దీని చూసి, "నాన్నా, నువ్వు దీన్ని మంచిగ చేస్తే నేను వరంగల్ దాక నడుపుకుంట పోత" అంది. ఆ పిల్ల నోరు తెరిచి అడిగితే కాదనడం నాకు చేతకాదు. ఇంజను విప్పాను, పిస్టన్ మార్చాను, వైర్లు మార్చాను. ఆదివారం పొద్దున్న స్నేహితులతో వరంగల్ ప్రయాణం ఖాయం చేసుకుని కూర్చుందది. నాకు మిగిలిన పనల్లా కార్బురేటర్‌లో జెట్.

జెట్ అంటే వేలిగోరంత ఇత్తడి ముక్క. దాని మధ్య సన్నటి రంధ్రం. ఇంజనుకు ఎంత పెట్రోలు పోవాలో ఆ రంధ్రమే తేలుస్తుంది. దాని కొలత అంకెగా నెత్తినే కొట్టి ఉంటుంది. ఈ బండిలో ఉన్న జెట్ మీద సరిగ్గా పుస్తకంలో చెప్పిన అంకే ఉంది. ఒక పని తప్పిందని సంబరపడ్డాను. తీరా నారాయణగూడ చౌరస్తా దాకా పోయి వచ్చి స్పార్క్ ప్లగ్గు విప్పితే, సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. కాఫీపొడి రంగులో ఉండాల్సిన ప్లగ్గు అది. తెల్లబడిందంటే పెట్రోలు చాలక ఇంజను కాగిపోతోందన్నమాట.

అంకెను పక్కనపెట్టి, రంధ్రంలో ఆ కొలతకు సరిపోయే డ్రిల్ బిట్ పెట్టి చూశాను. దూరలేదు. భూతద్దంలో చూస్తే ఇత్తడి లోపల బూడిదరంగు టంకం కనిపించింది. మన దగ్గర ఇదొక పాత అలవాటు. మైలేజీ రావాలని జెట్‌ను టంకంతో మూసేసి, సూదితో మళ్లీ చిన్నగా పొడుస్తారు. గల్లీల్లో తిరిగినంతసేపు ఏమీ కాదు. హైవే మీద ఆపకుండా లాగిస్తే మాత్రం పిస్టన్ కాగి, ఉబ్బి, లోపలే పట్టేస్తుంది. వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. ఆ పైన బండి మీదున్న వాళ్ల గతి నేను చెప్పనక్కర్లేదు.

కొత్త జెట్ తెప్పించి, బిట్ దూరుతోందని చూసుకుని మరీ బిగించాను. మళ్లీ నారాయణగూడ దాకా వెళ్లొచ్చాను. ప్లగ్గు మళ్లీ తెల్లగానే ఉంది. విప్పి చూస్తే కొత్త జెట్‌లో టంకం. కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూశాను. నా దగ్గర టంకం పెట్టే సామానే లేదు. అలసటలో పాతదే మళ్లీ బిగించానేమో అనుకుంటే, పాతది డబ్బాలో అలాగే పడి ఉంది.

మొగిలయ్యకు ఫోన్ చేశాను.

"మొగిలయ్యా, ఆ యెజ్దీ ఎవరిది?"

"ఇప్పుడు గదెందుకు సార్? ఇంజన్ మంచిగనే ఉంది గద."

"చెప్పవయ్యా."

కాసేపు నసిగాడు. "సూర్యప్రకాశరావు అని లెక్చరర్ సార్ ఉండె. పెట్రోల్ కాడ బహు పట్టింపు. జెట్‌కు తనే టంకం పెట్టుకుంటుండె. బీబీనగర్ అవతల ఇంజన్ పట్టేసి పడ్డడు. పోయిండు."

"ఒక్కడేనా?"

"ఎనక బిడ్డ కూసుని ఉండె." అతని గొంతు తగ్గిపోయింది. "ఇగ ఆ ముచ్చట ఇడిసిపెట్టు సార్."

ఫోన్ పెట్టేశాడు. అప్పుడే బండిని తీసుకెళ్లి అతని మొహాన పడేయాల్సింది. కానీ అన్ని నెలల చాకిరీ నన్ను కదలనివ్వలేదు. ఇంకో జెట్ తెప్పించాను.

శనివారం సాయంత్రం మబ్బు కమ్మి, దీపాలు పెట్టే వేళకే చీకటైపోయింది. వాన మొదలైంది. తడిసిన సిమెంటు వాసన, పాత ఇంజనాయిలు వాసన, సందు మొగలో బజ్జీల నూనె వాసన. జెట్ బిగించబోతుండగా కరెంటు పోయింది. పైన పిల్లలు కాసేపు అరుచుకుని, చాయ్ తాగడానికి మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత వాన చప్పుడొక్కటే మిగిలింది.

నా ఫోను మేకుకున్న చొక్కా జేబులో ఉంది. ఒక చేతిలో కార్బురేటర్, ఇంకో చేతిలో స్క్రూడ్రైవర్. జెట్ కింద పడితే ఆ చీకట్లో దొరకదు. అందుకని దాన్ని పెదవుల మధ్య పట్టుకున్నాను. ఈ పని చేసే వాళ్లందరికీ ఉన్న అలవాటే. రంధ్రం శుభ్రంగా ఉందో లేదో కూడా అలాగే ఊది చూస్తాం. ఊదితే చిన్న ఈల వస్తుంది.

నేను ఊదలేదు.

ఈల వచ్చింది.

ఊపిరి బిగబట్టాను. మళ్లీ వచ్చింది. గాలి నా నోట్లోంచి బయటికి పోవడం లేదు... బయటి నుంచి లోపలికి వస్తోంది. నాలుక మీద చల్లగా తగులుతోంది. పెట్రోలు వాసన, ఆ వెనకే ఎప్పుడో తాగిన కాఫీ వాసన. అంటే అవతలి కొసన ఇంకెవరో పెదవి ఆనించి ఊదుతున్నారు. ఆ మొహం నా మొహానికి ఎంత దగ్గరగా ఉండాలో ఆలోచించడానికి కూడా భయం వేసింది.

ఉమ్మేయాలనుకున్నాను. పెదవులు కదల్లేదు.

ఈల సన్నబడింది... ఇంకా సన్నబడింది... దోమ రొదంత అయింది. గదంతా టంకం కాలిన వాసన. ఇత్తడి వేడెక్కుతోంది. పెదవి చురుక్కుమంది.

"ఇప్పుడు మైలేజీ ఇస్తుంది," అన్నారెవరో గుసగుసగా. కోపం లేదు ఆ గొంతులో. రోజంతా పని చేసి అలసిపోయిన మనిషి గొంతు, అచ్చం నాలాగే. "బాగా ఇస్తుందిలెండి."

జెట్ ఒళ్లో పడింది. కరెంటు ఎప్పుడొచ్చిందో తెలియదు. గదిలో నేనూ బండీ తప్ప ఎవరూ లేరు. జెట్‌లో టంకం ఇంకా మెరుస్తోంది.

దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాను. జెట్ లేకుండానే కార్బురేటర్ మూసి బండికి బిగించేశాను. బండి ఇక నడిచే ప్రసక్తే లేదు. షట్టరుకు తాళం వేసి, వానలో తడుస్తూ ఇల్లు చేరాను.

"రేపు ప్రయాణం వద్దు బిడ్డా. జెట్ తీసేసిన. బండి నడవది," అన్నాను అనూహ్యతో.

"నాన్నా, రెండు నెలల సంది ఇదే ముచ్చట," అని విసుక్కుని లోపలికి పోయింది. జరిగింది చెబుదామనుకున్నాను. నవ్వుతుందని చెప్పలేదు. కాలిన పెదవికి నెయ్యి రాసుకుని, తడి చొక్కాతోనే మంచం మీద ఒరిగాను. ఎన్ని నెలల నిద్రో, ముంచేసింది.

లేచేసరికి ఎండ వచ్చేసింది. మాధురి వంటింట్లో ఉంది.

"అనూహ్య ఏది?"

"పొద్దుగాల్నే పోయింది. బండి చూసొస్త అంటే షట్టరు తాళం ఇచ్చిన. నడవకపోతే తిరిగొస్తది గద అనుకున్న."

జేబు తడుముకున్నాను. జెట్ అక్కడే ఉంది. అప్పుడే ఫోన్ మోగింది, అనూహ్య. హెల్మెట్‌లోంచి మాట్లాడే మైకొకటి కొనుక్కుందది. వెనక గాలి హోరు, ఇంజను చప్పుడు.

"నడవదన్నవు గద నాన్నా," అంది నవ్వుతూ. "ఒక్క కిక్కుకే స్టార్ట్ అయింది. జనగామ దాటిన."

జేబులోని జెట్‌ను పిడికిట్లో బిగించాను.

"ఒకటి చెప్పాలె. ఇందాక పెట్రోల్ పోయించుదామని బంకుల ఆగిన. మూత తీస్తే ట్యాంకు నిండుగనే ఉన్నది. గ్యారేజీల పోసింది పోసినట్టే ఉన్నది. బంకాయన నన్ను జూసి నవ్విండు."

"బిడ్డా, నా మాట విను. బండి పక్కకు ఆపు. ఇప్పుడే ఆపు."

"ఏమైంది నాన్నా?"

"తాళం తియ్యి. క్లచ్ పట్టు."

సరే అంది. గాలి హోరులో ఆమె ఊపిరి వినిపిస్తోంది. నేను గోడకు ఆనుకుని, ఇంజను ఆగిపోయే చప్పుడు కోసం చెవి ఒగ్గాను. మాధురి చేతిలో గరిటెతో వచ్చి నా మొహం చూస్తూ నిలబడింది.

"నాన్నా..." అనూహ్య గొంతు మెల్లగా వచ్చింది. "తాళం తీసిన. నా చేతుల్నే ఉన్నది. క్లచ్ పట్టిన, బ్రేకు తొక్కుతున్న..."

ఆ మాటల వెనక ఇంజను చప్పుడు వింటూనే ఉన్నాను. అది కాస్త కూడా తగ్గలేదు.