పురుగు పట్టని మొక్కలు

గవర్నర్‌పేటలోని మేడమీది ఆఫీసుకు వచ్చిన రావమ్మ, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా వంగమొక్కలు పీకేశారండీ. విత్తనం కూడా ఎత్తుకుపోయారు. పోలీసులకి చెబితే నవ్వారు."

ప్రైవేటు డిటెక్టివ్ వెంకటప్పయ్య నవ్వలేదు. చేతిలోని పెన్ను కింద పెట్టాడు. అతని అసిస్టెంటు రామతులసి ఆమెకు మంచినీళ్ళిచ్చింది. అది రెండువేల అయిదో సంవత్సరం, చలికాలం. భార్యాభర్తల అనుమానాలు, ఆస్తి తగాదాలు తప్ప వంగమొక్కల కోసం ఆ మెట్లెక్కిన మనిషిని రామతులసి అంతవరకు చూడలేదు.

రావమ్మది కంకిపాడు దగ్గర పల్లె. పిల్లల్లేరు, భర్త పోయాడు. ఊరికి దూరంగా చేలోనే ఇల్లు. అత్తగారి కాలం నుంచి వస్తున్న వంగ విత్తనాన్ని బూడిదలో కలిపి, సొరకాయ బుర్రలో దాచుకుంటుంది. ఆదివారం కంకిపాడులో కాయలమ్ముకుని వచ్చేసరికి చేలో మొక్కలు పీకేసి ఉన్నాయి. వంటింట్లో బుర్ర లేదు.

"తాళం పగలగొట్టారా?"

"వేసింది వేసినట్టే ఉందండీ. తాళంచెవి చూరులో పెడతాను."

"ఆ సంగతి ఎవరికి తెలుసు?"

"నా ఇంటికెవరొస్తారు?" అంది రావమ్మ, కిటికీ వైపు చూస్తూ.

మర్నాడు చేలో దిగగానే రామతులసికి ఆశ్చర్యం వేసింది. మొక్కల్ని వరసగా పీకలేదు. ఇక్కడొకటి, అక్కడొకటి ఏరినట్టు పీకారు. వెంకటప్పయ్య మిగిలిన మొక్కల కాయలు కోసి చూడమన్నాడు. ఏ మొక్క చూసినా కాయకు చిల్లి, లోపల పురుగు. కాలవగట్టు మీద పీకిన మొక్కల్ని తగలబెట్టిన బూడిద ఉంది. అందులో సగం కాలిన కాయలు దొరికాయి. ఒక్కదానికీ చిల్లి లేదు.

"పురుగు పట్టనివే ఏరి పీకారు సార్!"

"నువ్వు చెప్పింది నిజం. అలాంటి మొక్కలంటే ఎవరికి భయమో చూడాలి."

ఇంటి వెనక తోమి బోర్లించిన రెండు కంచాలు రామతులసి కంటబడ్డాయి. ఒంటరి మనిషికి రెండెందుకని అడగబోయి, రావమ్మ మొహం చూసి ఆగిపోయింది. గవర్నర్‌పేట గదిలో తానూ ఒక్కతే తింటుంది. అడిగితే ఎక్కడ తగులుతుందో ఆమెకు తెలుసు. వెంకటప్పయ్యకు మాత్రం చెప్పింది.

పక్క చేను కౌలురైతు ఆమోసు దాపరికం లేకుండా మాట్లాడాడు. "నీళ్ళ దగ్గర మాటామాటా అనుకున్నామండీ. అంతమాత్రాన కాపు మీదున్న మొక్క మీద చెయ్యేస్తానా? ఆ గడప నేనెప్పుడూ తొక్కలేదు. తొక్కనివ్వరు కూడా."

రావమ్మ మరిది గంగాప్రసాద్ ప్లాట్ల వ్యాపారి. "చేను అమ్మెయ్యమన్నాను, నిజమే. అన్నయ్య పోయాక ఆ ఇంటికి వెళ్ళలేదు. అయినా పీకించాలనుకుంటే సగం వదిలేస్తానా?"

చేనుకు మరోవైపు కంచె వేసిన మడి ఒక విత్తనాల కంపెనీది. అక్కడ రెండో ఏడూ వంగే వేశారు. సూపర్‌వైజర్ సాయిగణేష్ మర్యాదగా జవాబిచ్చాడు. "పురుగుని తట్టుకునేలా జన్యువు మార్చిన వంగండీ. జనం తినొచ్చో లేదో పరీక్షలింకా అవలేదు. అందుకే కాయలు బయటికి పోనివ్వం, కాల్చేస్తాం."

"రావమ్మగారు తెలుసా?"

"చూడ్డమేగానీ పరిచయం లేదండీ."

ఆ సాయంత్రం అందరూ రావమ్మ వసారాలో చేరారు. వెంకటప్పయ్య సగం కాలిన కాయ ఒకటి వాళ్ళ ముందు పెట్టాడు.

"పోయినేడు కంచె లోపలి పూల పుప్పొడి తేనెటీగల వెంట ఈ చేలోకి వచ్చింది. ఆవిడ ఎప్పట్లాగే ఆ కాయల్లోంచి విత్తనం కట్టి, ఈ ఏడు నాటారు. కొన్ని మొక్కలకి పురుగు పట్టలేదు. కంపెనీ పంట కంచె దాటిందనడానికి ఆ మొక్కలే సాక్ష్యం. అవి పీకి, మిగిలిన విత్తనం కూడా మాయం చేస్తే సాక్ష్యం ఉండదు. ఆమోసు, గంగాప్రసాద్‌గారు ఈ మధ్య ఈ ఇంట్లోకి రాలేదు. తాళంచెవి ఎక్కడుంటుందో, బుర్ర ఎక్కడుంటుందో తెలిసిన మనిషి ఇక్కడ కూర్చుని అన్నం తిన్నవాడే. రావమ్మగారూ, రెండో కంచం ఎవరిది?"

రావమ్మ సాయిగణేష్ వైపు చూసింది.

"ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారోనని చెప్పలేదు బాబూ. మధ్యాహ్నం ఎండలో ఒక్కడివే నిలబడతావని పిలిచాను. నాకూ మాట్లాడే మనిషి దొరికాడనుకున్నాను."

సాయిగణేష్ తలదించుకున్నాడు. "తనిఖీకి వస్తున్నారు పిన్నిగారూ. దగ్గర్లో వేరే వంగ లేదని నేనే రాసిచ్చాను. వంగ ఉన్నందుకు మందలించి వదిలేస్తారు, జన్యువు కంచె దాటిందని బయటపడితే నా ఉద్యోగం..."

"పురుగు పట్టలేదని మురిసిపోతూ ఆ కాయలే నీకు వండిపెట్టాను. ఆ సంగతి చెప్పగానే కడుపునొప్పని అన్నం వదిలేసి లేచావు. తింటే ఏమవుతుంది?"

"ఏమీ కాకపోవచ్చు. తెలియదండీ... నిజంగా ఎవరికీ తెలియదు."

"నీకు భయమేసి నువ్వు లేచిపోయావు. నన్ను తినొద్దని ఎందుకు చెప్పలేదు?"

గంగాప్రసాద్ సాయిగణేష్ మీదికి అరుస్తూ లేచాడుగానీ వెంకటప్పయ్య చెయ్యెత్తి ఆపాడు.

వెంకటప్పయ్య కాయల్ని పరీక్షకు, ఫిర్యాదును తనిఖీ అధికారులకు పంపాడు. గింజల్లో మార్చిన జన్యువు ఉందని తేలింది. కంచెలోని మడి తగలబెట్టారు, సాయిగణేష్ ఉద్యోగం పోయింది. అయితే రావమ్మ చేలో మిగిలిన మొక్కల్నీ నమ్మడానికి లేదన్నారు. ఈ ఏడు ఏ పువ్వు మీద ఏ పుప్పొడి వాలిందో చెప్పగలిగేవాళ్ళు లేరు.

వాటిని పరాయివాళ్ళ చేత పీకించనంది రావమ్మ. ఆ రోజు రామతులసి తోడు వెళ్ళింది. ఒక్కో మొక్క పీకి మట్టి దులుపుతూ అత్తగారు ఆ విత్తనం ఎలా కట్టేదో రావమ్మ చెబుతూనే ఉంది. చివరి చాలులో మాటలు ఆగిపోయాయి. ఇద్దరూ చేతులు కడుక్కుని, పప్పూ అన్నం తిన్నారు.

మరుసటేడు రావమ్మ ఆ చేలో మినుములు వేసింది. కంకిపాడులో ఎదురుపడినప్పుడు రామతులసి అడిగింది.

"వంకాయ అంగట్లో కొనుక్కుంటున్నారా?"

"తినడం మానేశానమ్మా," అంది రావమ్మ. "నువ్వు ఆదివారం భోజనానికి ఖాళీయేనా?"